మిగిలితే వెళ్దాం అనుకుంటే ఎప్పటికీ వెళ్లలేం

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో డబ్బు గురించి వచ్చే పేజీ, యాత్రల గురించి వచ్చే పేజీ రెండూ వదలకుండా చదువుతాను. చాలా రోజులుగా ఒక సంగతి మీకు రాయాలని ఉంది. డబ్బు పేజీలో ఇల్లు కొనడానికి ఎలా దాచాలి, పిల్లల చదువుకు ఎలా దాచాలి, రిటైరయ్యాక దేంతో బతకాలి, అన్నీ ఉంటాయి. ఇంటిల్లిపాదీ కలిసి ఒక కొత్త చోటు చూసి రావడానికి ఎలా దాచాలో మాత్రం ఉండదు. యాత్రల పేజీలో కొండలు, సముద్రాలు, కోటలు ఉంటాయి, మామూలు జీతంతో నలుగురైదుగురిని అక్కడికి తీసుకెళ్లాలంటే ఎన్ని నెలలు కూడబెట్టాలో ఒక్క ముక్క ఉండదు. ఈ రెండు పేజీల మధ్య ఉన్న ఖాళీలోకి అప్పులిచ్చేవాళ్లు వచ్చి కూర్చున్నారు. టికెట్లు కొనబోతే చాలు, ముందు తిరిగి రండి, తర్వాత వాయిదాల్లో కట్టుకోండి అంటూ ఒక బటన్ కనపడుతుంది. కుటుంబంతో ప్రయాణం చేయాలన్న కోరిక తప్పు కాదు, కానీ దానికి మనకు చూపిస్తున్న దారి మాత్రం తప్పు, ఈ ఉత్తరం అందుకే.

మా ఇంట్లో పెద్ద సంపాదనేమీ లేదు. నేను, మా ఆయన ఇద్దరం చిన్న ఉద్యోగాలే చేస్తాం, ఇద్దరు పిల్లలు, మాతోనే ఉండే మా అత్తగారు. అయినా అందరం కలిసి ప్రయాణాలు చేస్తాం, అప్పు లేకుండా చేస్తాం. ఎలా కుదురుతోంది అని అడిగేవాళ్లలో కొందరు మాకు ఇంకేదో ఆదాయం ఉందనుకుంటారు, కొందరు మేం తినీ తినక కూడబెడుతున్నామనుకుంటారు. రెండూ నిజం కాదు. నెలాఖరున ఎంతో కొంత మిగులుతుంది, దాంతో వెళ్దాం అనుకుంటే ఎవరికీ ఎప్పటికీ మిగలదు, జీతం పెరిగినా మిగలదు, ఎందుకంటే జీతం వెనకాలే ఖర్చూ పెరుగుతుంది. ప్రయాణం డబ్బు ఇంటద్దె లాగా జీతం పడిన రోజునే పక్కకు వెళ్లిపోవాలి, మిగిలినదాంతో నెల గడవాలి. మా పొదుపంతా ఆ గడపడం కోసమే. వరస మార్చామంతే, ముందు దాచడం, తర్వాత ఖర్చు పెట్టడం.

2017లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న రిచర్డ్ థేలర్ చెప్పిన విషయం ఒకటి ఇక్కడ బాగా పనికొస్తుంది. లెక్క ప్రకారం చూస్తే చేతిలో ఉన్న ఏ నోటైనా ఒకటే, కానీ మనుషులు అలా చూడరు, మనసులో వేరువేరు ఖాతాలు పెట్టుకుంటారు, ఇది అద్దెకు, ఇది ఫీజులకు, ఇది మందులకు అని, ఒక దాంట్లోది తీసి ఇంకోదానికి వాడాలంటే మనసొప్పదు. లెక్కలు బాగా తెలిసినవాళ్లకు ఇది తెలివితక్కువగా అనిపించవచ్చు గానీ, మాలాంటి కుటుంబాలకు ఇంతకంటే పెద్ద అండ లేదు. ప్రయాణం డబ్బు మామూలు ఖాతాలోనే ఉంచితే అది అందరి డబ్బూ, అన్నిటి డబ్బూ అయిపోతుంది. వేరే ఖాతా తెరవండి, దానికి కార్డు తీసుకోకండి, రోజూ వాడే యాప్‌కి తగిలించకండి, వెళ్లబోయే చోటు పేరు దానికి పెట్టండి. రికరింగ్ డిపాజిట్ అయినా సరే, జీతం పడిన మర్నాడు దానంతటదే అందులోకి వెళ్లేలా బ్యాంకుకు చెప్పేయండి. పేరున్న డబ్బు జోలికి పోవాలంటే ఇంట్లో ఇంకొకరిని అడగాల్సి వస్తుంది, ఆ అడగడంలోనే సగం దుబారా ఆగిపోతుంది.

ఇప్పుడు ఆ వాయిదాల సంగతి. వెళ్లాల్సిన ప్రయాణానికి 100 కావాలనుకోండి. నెలకు 2 శాతం వడ్డీతో అప్పు తెచ్చి, ఏడాది పాటు సమాన వాయిదాల్లో తీరిస్తే మొత్తం 113 పైగా కడతాం. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది అదనం. అదే 100ను పన్నెండు భాగాలు చేసి నెలనెలా ముందే దాచుకుంటే, ఏడాదికి 6 శాతం వడ్డీ ఇచ్చే చోటయితే చివరకు 103 చేతికొస్తుంది. అంటే ఒకే ప్రయాణం, ఒకే కుటుంబం, ముందు కట్టామా తర్వాత కట్టామా అన్నదానికి పదహారు పైచిలుకు తేడా, అక్కడ అదనంగా కట్టే పదమూడు, ఇక్కడ అదనంగా వచ్చే మూడు కలిపి. ఆ పదహారుతో ఇంకో పూట ఉండొచ్చు, లేదా ఇంకో మనిషిని తీసుకెళ్లొచ్చు. వడ్డీ లేని వాయిదాలు అని రాసి ఉన్నచోట కూడా ఆగి చూడండి, ముందే మొత్తం కట్టేవాళ్లకు ఇచ్చే తగ్గింపు వాయిదాలవాళ్లకు ఇవ్వకపోతే ఆ తగ్గింపే వడ్డీ.

డబ్బుల తేడా ఒక ఎత్తయితే, సంతోషం తేడా ఇంకో ఎత్తు. నెదర్లాండ్స్‌లో 1,530 మంది పెద్దవాళ్లను పరిశీలించి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. సెలవు ప్రయాణాలు చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ సంతోషంలో తేడా ముఖ్యంగా కనపడింది ఎప్పుడంటే ప్రయాణానికి ముందు. తిరిగొచ్చాక చాలామందిలో ఆ తేడా లేదు, చాలా ప్రశాంతంగా గడిచిందన్నవాళ్లకు మాత్రం కొన్నాళ్లు నిలిచింది. ఇది చదివి, అయితే వెళ్లడం దండగ అని అనుకోకూడదు. నాకు అర్థమైంది ఏమిటంటే, ప్రయాణంలో పెద్ద భాగం బయల్దేరక ముందే జరుగుతుంది. దాచుకుంటూ, మ్యాపులు చూసుకుంటూ, ఏ రైలు ఎక్కాలి, ఎక్కడ దిగాలి అని పిల్లలతో మాట్లాడుకుంటూ గడిపే నెలలన్నీ ఆ ప్రయాణంలోవే. అప్పు చేసి వారంలో బయల్దేరేవాళ్లు ఆ భాగాన్ని వదులుకుంటున్నారు, పైగా తిరిగొచ్చాక ఏడాది పాటు టెన్షన్ పడతారు. దాచుకుని వెళ్లేవాళ్లకు ఎదురుచూపు ముందు, అప్పు చేసినవాళ్లకు వాయిదాలు వెనక. పిల్లలకు ఈ రెండిటిలో ఏది అలవాటు చేయాలి అన్నది నాకు చిన్న విషయంగా అనిపించదు.

రోజువారీ పొదుపు అనగానే అందరూ చిన్న చిన్న ఖర్చుల మీద పడతారు, బయట తాగే కప్పు కాఫీ మానేయండి, అది మానేయండి, ఇది మానేయండి అని. అది నిజమే కానీ అందులో సగమే ఉంది. ఏ ఇంటి లెక్క తీసినా పెద్ద పద్దులు మూడు, ఉండే ఇల్లు, తిరిగే బండి, తినే తిండి. వీటిలో ఒక్క నిర్ణయం సరిగ్గా తీసుకుంటే ఏడాదంతా రోజూ నోరు కట్టుకునే పని తప్పుతుంది. మేం అవసరానికి మించిన గదులున్న ఇంట్లోకి మారలేదు. రెండో బండి కొనలేదు, బండి అంటే దాని ధర ఒక్కటే కాదు, ఇన్సూరెన్సు, సర్వీసింగు, పెట్రోలు, పార్కింగు, ఏటేటా తగ్గిపోయే విలువ, అన్నీ కలిపితే తడిసి మోపెడవుతుంది. ఫోన్లు పనిచేసినన్నాళ్లూ వాడతాం, బ్యాటరీ పాడైతే బ్యాటరీ మారుస్తాం. కొత్త మోడల్ వచ్చిందని మార్చేవాళ్లను నేనేమీ అనను, వాళ్ల డబ్బు వాళ్లిష్టం, కానీ ఆ ఒక్క ఫోను మా ఇంట్లో ఐదుగురి టికెట్లు. ఈ పెద్ద పద్దులు ఒకసారి కుదిరాక చిన్నవి కుదరడం పెద్ద కష్టం కాదు. ఎవరూ చూడని సబ్‌స్క్రిప్షన్లు నెలనెలా తమంతట తామే కట్ అవుతుంటాయి, వాటిని తీసేయడానికి ఒక్క సాయంత్రం చాలు. డెలివరీ యాప్‌లో కార్డు నంబరు దాచి ఉంచకపోతే, ప్రతిసారీ లేచి కార్డు తెచ్చి నంబరు కొట్టాల్సి వస్తుంది, ఆ కాస్త బద్ధకమే మనకు మేలు చేస్తుంది. కొనాలనిపించిన వస్తువును కాగితం మీద రాసి నాలుగైదు రోజులు ఆగితే, చాలావాటిని కొనాలన్న కోరికే పోతుంది.

ఇంతవరకూ రాసింది ఎక్కడైనా దొరుకుతుంది. ఎవరూ రాయనిది ఒకటుంది, అసలు నేను కలం పట్టింది దాని కోసం. ఇంట్లో పొదుపు ఎవరి మీద పడుతోంది?

చాలా ఇళ్లల్లో పొదుపు అంటే అమ్మ తన ఖర్చు మానుకోవడం. అమ్మ కొత్త చెప్పులు కొనుక్కోదు, అమ్మ పంటినొప్పిని వాయిదా వేస్తుంది, అమ్మ ఆటో దిగి నడుచుకుంటూ వస్తుంది, బయట కొనేవన్నీ ఇంట్లో చేస్తే చవక అని లెక్క తేలగానే ఆ చేసే పని కూడా అమ్మ మీదే పడుతుంది. లెక్కల పుస్తకంలో అది పొదుపు అని రాసుకుంటారు, నిజానికి అది ఒక మనిషి ఒళ్లు హూనం చేసుకుని సంపాదించిన డబ్బు. తీరా ప్రయాణం వచ్చాక ఏమవుతుంది? అక్కడా గది అద్దె కలిసొస్తుందని వంటగది ఉన్న బస తీసుకుంటారు, అక్కడా పొయ్యి దగ్గర నిలబడేది ఆవిడే, బట్టలు ఉతికేది ఆవిడే, పెట్టె సర్దేది ఆవిడే. మిగతావాళ్లు సముద్రం చూసొస్తారు. ఇలాంటి ప్రయాణం కోసం ఆవిడ ఏడాది పాటు ఎందుకు మానుకోవాలి? నేను గట్టిగా చెప్తున్నాను, పొదుపు ఇంట్లో అందరి మీదా వాళ్ల వాళ్ల స్థాయికి తగ్గట్టు పడాలి, సెలవు కూడా అందరికీ రావాలి. వంటగది ఉన్న గది తీసుకోండి, చాలా కలిసొస్తుంది, నిజమే, కానీ ఎవరి పూట ఎవరిదో బయల్దేరే ముందే రాసుకోండి. మా ఇంట్లో పిల్లలు గిన్నెలు కడుగుతారు, మా ఆయన పొద్దుటి పూట చూసుకుంటాడు. ఇంట్లో ఉన్నప్పుడు అలవాటు లేకపోతే అక్కడికెళ్లాక రాదు, కాబట్టి అదీ ఏడాది పొడుగునా నేర్చుకోవాల్సిందే.

పిల్లల విషయంలో కూడా ఇలాగే. వాళ్లకు చెప్పకుండా అన్నీ కోసేస్తే వాళ్లకు మిగిలేది లేమి అన్న భావన ఒక్కటే, స్నేహితుల దగ్గర చిన్నబుచ్చుకుంటారు. లెక్క ముందు పెట్టి చెప్తే ఎంత చిన్న పిల్లలకైనా అర్థమవుతుంది. ఎంత కావాలి, ఇప్పటికి ఎంతయింది, ఇంకా ఎంత ఉంది అన్నది గోడ మీద అందరికీ కనపడేలా రాసిపెట్టాం. దేన్ని మానుకోవాలో వాళ్లు కూడా చెప్తారు, అప్పుడప్పుడు పెద్దవాళ్లం మానుకోవాల్సినవి కూడా వాళ్లే చెప్తారు, అది వినాలి మరి. ఎక్కడికి వెళ్లాలో కూడా వాళ్ల మాట చెల్లాలి. పెద్దవాళ్లు ఒక్కళ్లే నిర్ణయించేసి, నీ కోసమే చేశాం అని పిల్లల నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

కోయకూడనివి కూడా ఉన్నాయి. మందులు, డాక్టరు దగ్గరకు వెళ్లడం, ఆరోగ్య బీమా, పిల్లల పుస్తకాలు, ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు పంపే డబ్బు, వీటి జోలికి పోకూడదు. ఇంట్లో పనికి వచ్చే మనిషి జీతం కోసి, రోడ్డు పక్కన అమ్ముకునేవాళ్ల దగ్గర గీచి గీచి బేరమాడి, ఆ మిగుల్చుకున్నదాంతో విమానమెక్కితే అది పొదుపు కాదు, మన సరదాకి వాళ్లతో కట్టించుకోవడం. ఆపద వస్తే తీసుకోవడానికి వేరేగా కొంత ఉండాలి, అది లేనివాళ్లు ముందు అది కూడబెట్టాలి, ప్రయాణం తర్వాత.

ఇంకో మాట కూడా ఒప్పుకుని తీరాలి. వస్తువుల మీద పెట్టే డబ్బు కంటే అనుభవాల మీద పెట్టే డబ్బు ఎక్కువ సంతోషాన్నిస్తుందని 2003లో లీఫ్ వాన్ బోవెన్, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించారు. అప్పటినుంచి ప్రయాణాలను అమ్మేవాళ్లంతా ఆ మాటే చెప్తున్నారు. కానీ 2018లో వచ్చిన ఇంకో పరిశోధన దానికి ఒక హద్దు గీసింది. డబ్బుకు ఇబ్బంది లేనివాళ్ల విషయంలోనే అది బాగా నిజం, చేతిలో తక్కువ ఉన్నవాళ్లకు మంచి వస్తువు కూడా అంతే సంతోషాన్నిస్తుంది, ఒక్కోసారి ఎక్కువే ఇస్తుంది అని. ఇది వినగానే నాకు సమంజసంగానే అనిపించింది. వర్షానికి కారే ఇంట్లో ఉన్నవాళ్లకు కప్పు బాగు చేయించుకోవడమే ముందు. కోసుకోవడానికి ఏమీ లేనివాళ్ల దగ్గరకు వెళ్లి, మీరూ పొదుపు చేస్తే లోకం చుట్టి రావచ్చు అని చెప్పడం చాలా తప్పు. నేను రాస్తున్నది అవసరాలు గడిచి, ఆపైన కొంత ఖర్చు పెడుతూ, అది ఎటు పోతోందో తెలియనివాళ్ల కోసం. వాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు.

ప్రయాణంలోకి వద్దాం. ఏడాదంతా జాగ్రత్తగా దాచి, వెళ్లిన చోట చేతికి ఎముక లేకుండా ఖర్చు పెట్టే కుటుంబాలను చూస్తుంటాను, ఆ బాధ భరించలేను. కుటుంబానికి ఖర్చు రెండు రకాలుగా పెరుగుతుంది, తలకు ఇంత అని పెరిగేవి కొన్ని, ఎంతమంది ఉన్నా ఒకటే ఉండేవి కొన్ని. టికెట్లు, ప్రవేశ రుసుములు మొదటి రకం. గది, అద్దె బండి రెండో రకం. ఒక్కడే తిరిగేవాడికి చవకైన పద్ధతి ఐదుగురికి చవక కాదు. మనకు టికెట్లే భారం, కాబట్టి దూరం తగ్గించి రోజులు పెంచుకోవడం మేలు. ఒకే ప్రయాణంలో నాలుగు చోట్లు చుట్టి రావాలనుకుంటే ఐదుగురు నాలుగుసార్లు టికెట్లు కొనాలి, సామాను మోయాలి, పిల్లలు అలిసిపోతారు, పెద్దావిడ నడవలేదు. ఒక చోట దిగి, అక్కడే ఉండి, చుట్టుపక్కలకు మామూలు బస్సుల్లో తిరగడమే మా పద్ధతి. రాత్రి రైలయితే ఒక రాత్రి గది అద్దె తప్పుతుంది.

విమానం టికెట్ల గురించి ఒకటి అందరికీ తెలియాలి. విమానంలో సీట్లను ధరల వారీగా విడగొట్టి అమ్ముతారు, తక్కువ ధరకు కొన్ని, ఆపైన కొన్ని. తక్కువ ధరలో మూడే మిగిలి ఉండి, మనం ఐదుగురికని ఒకేసారి వెతికితే, చాలాసార్లు ఐదూ కలిసి దొరికే పై ధరే మొత్తం అందరికీ చూపిస్తుంది. అందుకని ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి, ముగ్గురికి వెతికి చూసి, తేడా ఉంటే రెండుగా కొనడం మంచిది. రెండు బుకింగులయితే సీట్లు పక్కపక్కన రాకపోవచ్చు, విమానం రద్దయితే విడివిడిగా మాట్లాడుకోవాలి, కాబట్టి ఒక్కో చిన్నపిల్లకు ఒక్కో పెద్దవాళ్లు ఉండేలా విడగొట్టాలి. రెండేళ్లు నిండని బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకోవచ్చు, నిండాక సీటు కొనాల్సిందే, తిరుగు ప్రయాణం నాటికి నిండుతుందా అన్నది కూడా చూసుకోవాలి. వేరే దేశానికయితే పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి, ఆఖరి నిమిషంలో తెలిస్తే తొందరగా చేయించుకోవడానికి పెట్టే డబ్బంతా వృథా.

బస విషయంలో పెద్ద హోటల్ ఒక్కటే దారి అనుకోకండి. 1912లో జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అనే ఒక బడి పంతులు ఆల్టెనా కోటలో పిల్లల కోసం హాస్టల్ తెరిచాడు, లోకమంతా ఉన్న యూత్ హాస్టళ్లకు అదే మొదలు. పేరు అలా ఉన్నా చాలాచోట్ల ఇప్పుడు కుటుంబాలకు వేరే గదులు, అందరూ వాడుకునే వంటగదులు ఉంటాయి. 1953లో యూరప్‌లో కొందరు ఉపాధ్యాయులు సెలవుల్లో ఒకరి ఇల్లు ఒకరు మార్చుకుని ఉండే పద్ధతికి ఇంటర్‌వాక్ అనే సంస్థ పెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది. ఈ రెండూ పుట్టింది బడి పంతుళ్ల వల్లే అన్నది నాకు చాలా నచ్చింది. చూడాల్సినవన్నీ డబ్బులు పెట్టి చూడాల్సినవి కూడా కావు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం 1759లో తలుపులు తెరిచింది, మామూలు ప్రదర్శనలకు ఈనాటికీ టికెట్ లేదు. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియాలకూ లేదు. ఏ పెద్ద నగరానికి వెళ్లినా ముందు అలాంటివి వెతకండి.

అయితే అన్నిచోట్లా గీసుకోకూడదు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమాన్ చెప్పినదాన్ని బట్టి, ఒక అనుభవం ఎన్ని రోజులు సాగిందన్నది మన జ్ఞాపకంలో పెద్దగా లెక్కలోకి రాదు, అందులో బాగా గట్టిగా తగిలిన ఘడియ, చివర ఎలా ముగిసిందీ, ఈ రెండే ఎక్కువగా నిలుస్తాయి. అందుకే మేం డబ్బు చాలకపోతే ఒక రోజు తగ్గించుకుంటాం గానీ, పిల్లలు దేని కోసం బయల్దేరారో దాన్ని తగ్గించం. పడవ ఎక్కాలని ఏడాదంతా కలవరించిన పిల్లను రేవు దాకా తీసుకెళ్లి, టికెట్ ఎక్కువగా ఉందని వెనక్కి తిప్పితే అంతవరకూ చేసిన పొదుపంతా దేనికి? ఆఖరి రోజు కూడా అంతే, ఆ రోజుకని కాస్త డబ్బు విడిగా ఉంచుకుంటాం, హడావిడిగా, చికాకుగా తిరుగు ప్రయాణం కట్టం.

ఇంత చేసినా మా చేతిలో లేనిది ఒకటుంది, బడి సెలవులు. పిల్లలున్న కుటుంబాలన్నీ ఒకేసారి కదలాలి, అందుకే అవే వారాల్లో టికెట్లు, గదులు రెట్టింపవుతాయి. పిల్లల్లేనివాళ్లు వారం మధ్యలో, జనం లేని నెలలో చవకగా వెళ్లొస్తారు, నలుగురైదుగురికి కొనాల్సిన మనమే ఎక్కువ ధరకు కొంటాం. ఇంగ్లండ్‌లో అనుమతి లేకుండా బడి మానిపించి ప్రయాణానికి తీసుకెళ్తే తల్లిదండ్రులకు జరిమానా కూడా వేస్తారు. ఫ్రాన్స్‌లో చలికాలం సెలవులకు, వసంతం సెలవులకు దేశాన్ని మూడు భాగాలు చేసి వేరువేరు వారాల్లో ఇస్తారు. జర్మనీలో వేసవి సెలవులు రాష్ట్రానికో తేదీన మొదలవుతాయి, రోడ్లు, రైళ్లు ఒకేసారి నిండిపోకుండా. సెలవులను ఇలా విడగొట్టడానికి ప్రభుత్వాలకు పెద్దగా ఖర్చేమీ కాదు, లక్షల కుటుంబాలకు మాత్రం మేము ఏడాదంతా చేసే పొదుపు కంటే ఎక్కువ కలిసొస్తుంది. మీ పత్రిక దీని గురించి రాయాలి.

సామాన్యులు దాచుకుని ప్రయాణం చేయడం నిన్నా మొన్నా పుట్టింది కాదు. ఇంగ్లండ్‌లో లాంకషైర్ నూలు మిల్లుల్లో ఏటా ఒక వారం మిల్లు మూసేవారు, ఆ వారానికి జీతం ఉండేది కాదు. అయినా కార్మికులు ఏడాదంతా వారం వారం క్లబ్బుల్లో చిన్న మొత్తాలు కట్టుకుని, ఆ డబ్బుతో పిల్లాపాపలతో బ్లాక్‌పూల్ సముద్రతీరానికి వెళ్లొచ్చేవారు. స్విట్జర్లాండ్‌లో 1939లో రేకా అనే ప్రయాణ నిధి పెట్టారు, ఉద్యోగులు దాచుకునేదానికి యజమానులు, సంఘాలు కొంత తోడు వేస్తే ఆ డబ్బుతో రైలు టికెట్లు, బసలు కొనుక్కుంటారు. ఫ్రాన్స్‌లో 1982లో అలాంటిదే సెలవుల చెక్కుల పేరుతో తెచ్చారు. 1948లో ఐక్యరాజ్యసమితి చేసిన విశ్వమానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణ చదవండి, విశ్రాంతి, తీరిక, జీతంతో కూడిన సెలవులు ప్రతి మనిషి హక్కు అని ఉంటుంది. అంటే ఒక కుటుంబం నాలుగు రోజులు కలిసి బయటకు వెళ్లడాన్ని డబ్బున్నవాళ్ల సరదాగా చూడకూడదని పెద్దవాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారు. మరి ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో ప్రయాణాల కోసం దాచుకునే నిధులు ఎందుకు పెట్టుకోకూడదు? నలుగురు కలిసి దాచుకుంటే మధ్యలో తీసి ఖర్చు పెట్టడం తగ్గుతుంది, ఆఫీసంతా కలిసి పెద్ద గుంపుగా టికెట్లు కొంటే ధర తగ్గించమని అడగొచ్చు, అప్పులిచ్చేవాడి అవసరమే ఉండదు.

మీకు నా విన్నపం ఏమిటంటే, యాత్రల పేజీలో ఏ చోటు గురించి రాసినా కింద నాలుగు వాక్యాలు అదనంగా వేయండి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు వెళ్తే ఎంతవుతుంది, ఏ నెలలో తక్కువవుతుంది, డబ్బులు పెట్టకుండా చూడగలిగేవి ఏవి, వయసు మళ్లినవాళ్లు నడవగలరా అన్నవి. ఆ ఖర్చును పన్నెండు నెలలకు విడగొట్టి నెలకు ఎంత దాచాలో కూడా వేస్తే ఇంకా మంచిది, చూసినవాళ్లకు అది అందేదో అందనిదో వెంటనే తెలుస్తుంది. ప్రయాణ అప్పుల ప్రకటనలు మీరు ఆపలేకపోవచ్చు, కానీ వాటి అసలు వడ్డీ ఎంత పడుతుందో డబ్బు పేజీలో ఒకసారి లెక్క కట్టి చూపించగలరు కదా. ఎలా దాచుకున్నారో, ఎలా వెళ్లొచ్చారో పాఠకులను కూడా రాయమని అడగండి, ముఖ్యంగా ఆ ఇళ్లలో ఆడవాళ్లను అడగండి. మా లెక్కల పుస్తకం నేను పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు